బాబాయితో ఎస్సెన్ పాత కార్ల తిరనాళ్లకి

నాన్న 1978లో కొన్న ప్రీమియర్ పద్మిని మా ఇంట్లో ఇంకా తిరుగుతోంది, ఒక్క వానాకాలంలో తప్ప. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగు ఎండిపోయి పెళుసెక్కింది. నాలుగు చినుకులు పడితే చాలు, కాళ్ల కింద మ్యాట్లు తడిసి ముద్దయిపోతాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఇప్పుడు దొరికేది వేరే బళ్లకి చేసిన బీడింగు. దాన్నే కోసి, సొల్యూషన్ పూసి అతికిస్తే ఏడాది తిరక్కుండానే ఊడి చేతికొస్తోంది. పద్మిని అంటే అసలు ఇటలీ వాళ్ల ఫియట్ 1100డి. బొంబాయి కుర్లాలో 1964 నుంచి ప్రీమియర్ వాళ్లు చేసింది దాన్నే. మధ్యలో కొన్నాళ్లు ప్రెసిడెంట్ అన్నారు, 1974లో పద్మిని అని పేరు మార్చారు. బాడీ మాత్రం మారలేదు. అంటే ఆ రబ్బరు యూరప్‌లో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి.

ఎక్కడుంటుందని పాత కార్ల వాళ్లని ఎవర్నడిగినా ఎస్సెన్ వెళ్లమన్నారు. జర్మనీలో పశ్చిమాన, రూర్ బొగ్గు గనుల ప్రాంతంలో ఉందా ఊరు. అక్కడ ఏటా వసంతంలో టెక్నో క్లాసికా అని పాత కార్ల ప్రదర్శన జరుగుతూ వచ్చింది. మొదలైంది 1989లో. 1,000కి పైగా స్టాళ్లు, 200 దాకా క్లబ్బులు, అమ్మకానికి 2,000 పైచిలుకు కార్లు. 2024లో అది ఏప్రిల్ 3 నుంచి 7 దాకా పడింది. ఉగాది 9న. పండగ పూట ఇంట్లో ఉంటానని మాటిస్తే తప్ప మా ఆవిడ ఒప్పుకోలేదు.

నాతో వచ్చింది మా బాబాయ్. డెబ్భై దాటాయి. పదిహేనేళ్ల వయసులో ఆటోనగర్‌లో టాటా మెర్సిడెస్ లారీల కింద స్పానర్లు అందిస్తూ మొదలుపెట్టి, తర్వాత సొంత షెడ్డు పెట్టుకుని, ఈమధ్యే కొడుక్కి అప్పగించాడు. పాస్‌పోర్టు తీసుకుంది ఈ ప్రయాణం కోసమే. వీసా వచ్చిన రోజు ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"అక్కడ బళ్లు ముట్టుకోనిస్తార్రా?"

ఏప్రిల్ 1, సోమవారం

దుబాయ్ మీదుగా డ్యూసెల్‌డార్ఫ్‌లో దిగాం. ఎయిర్‌పోర్టు నుంచి రైల్వే స్టేషన్‌కి పట్టా కింద వేలాడుతూ పోయే చిన్న రైలుంది. బాబాయ్ ఎక్కీ ఎక్కకముందే చక్రాలెక్కడున్నాయో చూడ్డానికి తల పైకెత్తి నిలబడిపోయాడు. వెనకాల జనం ఆగిపోయారు. అక్కడి నుంచి ఎస్సెన్ మామూలు రైల్లో అరగంట లోపే.

ఇలా వెళ్లేవాళ్లకి పనికొచ్చే మాట ఒకటి. నెలకి 49 యూరోల టికెట్టు తీసుకుంటే (అప్పటి ధర) దేశమంతా ఊరి బస్సులు, ట్రాములు, మెట్రోలు, లోకల్ రైళ్లు ఎక్కొచ్చు. స్పీడు రైళ్లు మాత్రం కుదరవు. అది నెలనెలా దానంతటదే రెన్యువల్ అయ్యే చందా, పదో తారీఖు లోపల రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బులు కూడా లాగేస్తుంది.

ఎస్సెన్ స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా పాత హోటల్ భవనం నెత్తిన ‘ఎస్సెన్, షాపింగ్ నగరం’ అని పెద్ద పెద్ద అక్షరాలు. కింద ఒక్క కొట్టు తెరిచి ఉంటే ఒట్టు. ఆ రోజు ఈస్టర్ సోమవారం, సెలవు. స్టేషన్‌లో బేకరీ తప్ప ఏమీ లేదు. గదికి చేరి, ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి కలిపి ఎలక్ట్రిక్ కుక్కర్లో అన్నం తిని పడుకున్నాం.

ఏప్రిల్ 2, మంగళవారం

ఖాళీ రోజు. 107 నంబరు ట్రామెక్కి జోల్‌వరైన్ బొగ్గు గనికి పోయాం. 1932లో తెరిచిన 12వ నంబరు షాఫ్ట్ అది. రోజుకి 12,000 టన్నుల బొగ్గు తోడేవాళ్లట. గని 1986లో మూసేశారు, కోక్ బట్టీలు 1993లో ఆపారు. పాత ఇనుము కింద అమ్మేసుకుంటారనుకుంటాం కదా. అలా చేయలేదు, 2001కల్లా యునెస్కో జాబితాలోకి ఎక్కించారు. 55 మీటర్ల గని గోపురం ఎర్రగా అలాగే నిలబడి ఉంది. బొగ్గు కడిగే భవనం ఇప్పుడు మ్యూజియం. నారింజ రంగు లైట్ల ఎస్కలేటర్ మీద పైకి వెళితే లోపల మెషీన్లు ఎక్కడివి అక్కడే. బాబాయ్ చెల్లాచెదురుగా ఉన్న గేర్‌బాక్సుల దగ్గర గంటన్నర గడిపాడు. నాకు అరగంటలో కాళ్లు లాగాయి.

కార్ల ప్రదర్శన ఈ ఊళ్లోనే ఎందుకన్నది అక్కడ కొంత అర్థమైంది. ఊరంతా ఇనుముతో బతికింది. క్రుప్ వాళ్ల ఉక్కు కంపెనీ ఇక్కడిదే, 1968 దాకా వాళ్లు లారీలు కూడా చేశారు. పక్క ఊరు బోహుమ్‌లో ఓపెల్ ఫ్యాక్టరీ 1962 నుంచి 2014 దాకా నడిచింది. తాతో తండ్రో లేతు మీదో అసెంబ్లీ లైన్లోనో పనిచేయని ఇల్లు ఇక్కడ తక్కువ.

ఏప్రిల్ 3, బుధవారం

ప్రదర్శన మొదలయ్యింది ఆ రోజే, కానీ మొదటి రోజు టికెట్టు ఎక్కువ. డీలర్లూ పెద్ద కొనుగోలుదార్లూ వచ్చే రోజది. మనకెందుకని డ్యూసెల్‌డార్ఫ్ వెనక్కి వెళ్లి క్లాసిక్ రెమిజే చూశాం. ఒకప్పుడు రైలింజన్లు నిలబెట్టే గుండ్రటి షెడ్డు. ఇప్పుడందులో పాత కార్ల వర్క్‌షాపులు, షోరూములు, మధ్యలో అంతస్తులుగా పేర్చిన గాజు గదులు. ఒక్కో గదిలో ఒక్కో కారు, అద్దె కట్టి ఎవరో దాచుకున్నవి. లోపలికి వెళ్లడానికి టికెట్టు లేదు.

గాజు గదులు చూసి బాబాయ్ ముఖం మాడ్చుకున్నాడు. వర్క్‌షాపు వైపు వచ్చాక తేరుకున్నాడు. ఒకచోట ఓ మెకానిక్ రెండు కార్బ్యురేటర్ల ఇంజన్ ట్యూన్ చేస్తున్నాడు. మూరెడు రబ్బరు గొట్టం, ఒక కొస చెవిలో, రెండో కొస కార్బ్యురేటర్ నోటి దగ్గర. ఇటు విని అటు విని స్క్రూ పావు తిప్పు, మళ్లీ విని ఇంకాస్త. రెండింట్లోనూ గాలి ఒకేలా ఈల వేసేదాకా. పక్కనే కంప్యూటరూ ఉంది, మీటర్లూ ఉన్నాయి. బాబాయ్ కట్టు కంచె దగ్గర నిలబడి తనూ చెవి ఒగ్గాడు. ఇంజన్ సద్దు మారగానే చెయ్యెత్తాడు, ‘చాలు’ అన్నట్టు. ఆ కుర్రాడు తలెత్తి చూసి నవ్వి, స్క్రూ వదిలేశాడు. అదే గొట్టంతో బాబాయ్ యాభై ఏళ్లు అంబాసిడర్లు ట్యూన్ చేశాడు.

ఏప్రిల్ 4, గురువారం

స్టేషన్ నుంచి యూ11 మెట్రో నేరుగా ప్రదర్శన గేటు దాకా పోతుంది. పెట్టెలో సగం మంది అరవై దాటిన మగవాళ్లు, చేతుల్లో ఖాళీ సంచులు. ఖాళీ సంచులెందుకో మర్నాడు తెలిసింది.

మా మొదటి రోజు పెద్ద హాళ్లకే సరిపోయింది. నిజం చెప్పాలంటే నాకు అంత రుచించలేదు. తివాచీలు, స్పాట్ లైట్లు, అద్దంలా మెరిసే పెయింటు, చుట్టూ తాళ్లు. సూటు వేసుకున్న సేల్స్‌మాన్లు మన చెప్పులు చూసి పక్కకి తిరుగుతారు. చాలా కార్ల మీద ధర ఉండదు, అడిగితే చెబుతామని రాసి ఉంటుంది. మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ రెక్కల తలుపుల కార్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మానేశాను. 1954 నుంచి 1957 దాకా మొత్తం 1,400 మాత్రమే చేశారు, ఒక్కోటి మిలియన్ యూరోలు దాటి పలుకుతుంది. ఆ తలుపులు పైకి తెరుచుకునేది షోకు కోసం కాదు. బాడీ కింద సన్నటి గొట్టాలతో అల్లిన ఫ్రేము పక్కల్లో నడుం ఎత్తు దాకా వస్తుంది, మామూలు తలుపుకి చోటు లేదు. స్టీరింగ్ చక్రం మడిస్తే గానీ కాళ్లు లోపలికి పోవు. బాబాయ్ తాడు ఇవతల నుంచే వంగి ఆ గడప ఎత్తు చూసి, "ఇందులోంచి పెద్దాళ్లు దిగేదెట్లా?" అన్నాడు.

ఒకచోట రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనబడింది. చుట్టూ మూగి ఫొటోలు తీసుకుంటున్నారు. అలాంటిదే, ఇంతకంటే దర్జా అయినది, పసుపు రంగుది, 1912 నాటిది మన హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఆరో నిజాం ఆర్డరిచ్చాడు, బండి వచ్చేసరికి ఆయన లేడు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లలో దాన్ని చూడనివాళ్లే ఎక్కువ.

మధ్యాహ్నం తిండి దగ్గర కాస్త తిప్పలు. ఈ ప్రాంతంలో ఎక్కడ చూసినా సాసేజీ ముక్కల మీద కూర పొడి చల్లిన కరీవుర్స్ట్. పంది మాంసమని బాబాయ్ ముట్టలేదు. ఆలుగడ్డ తురిమి నూనెలో కాల్చిన అట్లు దొరికాయి, యాపిల్ గుజ్జుతో ఇస్తారు. గుజ్జు పక్కన పెట్టి జేబులోంచి కారప్పొడి పొట్లం తీశాడు. పక్క బల్ల మీద జంట కూడా కాస్త చల్లించుకున్నారు.

సాయంత్రం గేటు బయటికొస్తూ పార్కింగ్ చూశాం. ఆ పార్కింగే ఇంకో ప్రదర్శన. జనం వచ్చిందే పాత కార్లలో. నంబరు ప్లేటు చివర ‘హెచ్’ అనే అక్షరం ఉంటుంది. 1997లో తెచ్చిన పద్ధతి. బండికి 30 ఏళ్లు నిండి, ఇంచుమించు పుట్టినప్పటిలాగే ఉందని తనిఖీ అధికారి రాసిస్తే ఈ ప్లేటు. ఎంత పెద్ద ఇంజనైనా ఏడాదికి పన్ను 191.73 యూరోలే. పొగ ఆంక్షలున్న ఊళ్ల నడిబొడ్డుకి కూడా వెళ్లనిస్తారు. దాంతోనే ఆఫీసుకీ పోవచ్చు, సంతకీ పోవచ్చు. మన దగ్గర 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది, నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి. అయితే బండికి 50 ఏళ్లు నిండాలి, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పైగా రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనకో ర్యాలీకో తీయాలంతే. దాచిపెట్టుకోమని ప్లేటివ్వడం ఒకటీ, తిప్పుకోమని ఇవ్వడం ఒకటీ. నా ఓటు రెండోదానికి.

ఏప్రిల్ 5, శుక్రవారం

మేం వచ్చింది ఈ రోజు కోసం. క్లబ్బుల హాళ్లు, స్పేర్ల హాళ్లు.

క్లబ్బుల వైపు తాళ్లు లేవు. డబ్బున్న డీలర్లు కాదు, ఆ బండి ఉన్నవాళ్లే స్టాండు పెట్టుకుంటారు. ఒకచోట 1960ల నాటి పెట్రోల్ బంకు సెట్టింగు, ఇంకోచోట డేరా వేసి పిక్నిక్ బల్ల. బల్ల మీద కాఫీ ఫ్లాస్కులు, ఇంట్లో చేసిన కేకులు. ఆగి చూస్తే చాలు, బోనెట్ ఎత్తి చూపిస్తారు. భాష అడ్డం రాదు.

బీఎండబ్ల్యూ ఇసెటా దగ్గర ఒకావిడ బాబాయిని లోపల కూర్చోబెట్టింది. కోడిగుడ్డంత బండి, ముందు మొహమే తలుపు. తలుపు తెరిస్తే స్టీరింగు కూడా దాంతో పాటు బయటికొస్తుంది. బీఎండబ్ల్యూ 1955 నుంచి ఇవి లక్షన్నరకి పైగా చేసింది, వాటి డబ్బులతోనే అప్పట్లో ఊపిరి పీల్చుకుంది. తూర్పు జర్మనీ ట్రాబంట్ దగ్గరికి రాగానే బాబాయ్ అలవాటు ప్రకారం వేలి కణుపుతో ఫెండర్ మీద కొట్టాడు. రేకు మోత రాలేదు, పెట్టె మీద కొట్టినట్టు టక్కుమంది. వ్యర్థపు పత్తి పీచుని రెజిన్‌తో కలిపి అచ్చులో వేసి నొక్కిన ప్యానెల్ అది, తుప్పు పట్టదు. "మరి సొట్ట పడితే టింకరింగ్ ఎట్లా?" అని నా చేత అడిగించాడు. సొట్ట పడదు, పగులుతుంది, విప్పి ఇంకోటి బిగించడమేనట. "అయితే మన టింకరోడు పస్తే" అని తేల్చేశాడు.

ఆయన్ని నిలబెట్టేసింది మాత్రం కార్లు కాదు, ఓ పాత బెంజ్ లారీ. గుండ్రటి బోనెట్, ఎల్ 312 మోడలు. 1954లో టాటాలు డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టింది ఈ కుటుంబపు బళ్లతోనే. 1969లో ఒప్పందం అయిపోయాక బెంజ్ నక్షత్రం గుర్తు పోయి టాటా అక్షరం వచ్చింది. బాబాయ్ పని నేర్చుకున్నది ఆ నక్షత్రం బళ్ల మీద. ఓనర్ అరవయ్యేళ్ల మనిషి, బోనెట్ రెక్క ఎత్తాడు. బాబాయ్ లోపలికి వంగి, చూపుడు వేలితో ఒక్కొక్కటే తాకుతూ తెలుగులోనే వరస చెప్పుకుపోయాడు: ఫీడ్ పంపు, ఫిల్టరు, ఇంజెక్టర్లు ఒకటి, రెండు, ఆరు. ఆరోదాని వెనక చెయ్యి పెట్టి ఆగాడు. వేళ్లు బయటికి తీస్తే డీజిల్ తడి. ఓనర్‌కి చూపించాడు. ఆయన తల బాదుకుని, గుడ్డ తెచ్చి, స్పానరు ఏకంగా బాబాయ్ చేతికే ఇచ్చాడు. నట్టు అర చుట్టు బిగించి, తుడిచి, కాసేపాగి మళ్లీ తడిమి చూశాడు. పొడిగా ఉంది. ముట్టుకోనిస్తారా అన్న అనుమానం అప్పటితో తీరిందనుకుంటా, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

నాకు బుర్రకెక్కిన విషయం బోర్గ్‌వార్డ్ క్లబ్బు దగ్గర దొరికింది. బ్రెమెన్‌లో ఉండేదా కంపెనీ. ఇజబెల్లా అనే అందమైన కారు రెండు లక్షలకి పైగా చేసి, 1961లో మూతబడింది. ఆ పాత కంపెనీ పోయి అరవై ఏళ్లయింది, అయినా స్టాండులో ఉన్న బళ్లన్నీ రోడ్డు మీద నడుపుకుంటూ తెచ్చినవే. స్పేర్లెక్కడివని అడిగా. కళ్లద్దాల పెద్దాయన ఇంగ్లిష్‌లో ఓపిగ్గా చెప్పాడు. ఏదైనా పార్టు ఎక్కడా దొరకని స్థితి వస్తే క్లబ్బు జాబితా తిప్పుతుంది. ఎంతమందికి కావాలో పేర్లు, ముందే సగం డబ్బు. సరిపడా మంది కాగానే అచ్చు చేయించి, ఫ్యాక్టరీకి ఆర్డరిస్తారు. మిగిలినవి స్టోరులో. అచ్చు మాత్రం క్లబ్బుదే, ఫ్యాక్టరీవాడిది కాదు. అది రాతపూర్వకంగా ఉండాలని రెండుసార్లు నొక్కి చెప్పాడు. రబ్బర్లు, టెయిల్ లైట్ అద్దాలు, బ్రేకు సిలిండర్ల వాషర్లు, ఇలా నలభై ఏళ్లుగా చేస్తున్నారట. మన ఊళ్లో చీటీ పాట నడిపినట్టే, కాకపోతే పాడుకునేది టెయిల్ లైట్లు.

ఇంజన్లు, పెయింటు కాదు, పాత బండిని చివరికి షెడ్డుకి చేర్చేది ఇలాంటి చిల్లర సామానే. మన దగ్గర పద్మినీలు ఎన్ని తూకానికి పోయాయో! వాటిలో ఇంజన్ చచ్చి పోయినవి ఎన్నని? బీడింగు లేక నీళ్లు దిగి, ఫ్లోరు తుప్పు పట్టి, రేకు వేయించలేక అమ్మేసినవే ఎక్కువని బాబాయ్ లెక్క.

స్పేర్ల హాల్లో సంచుల సంగతి తెలిసింది. అట్టపెట్టెల నిండా డైనమాలు, హారన్లు, స్పీడోమీటర్లు, బంపర్లు, గుట్టలు గుట్టలుగా హబ్ క్యాపులు. ముసలాళ్లు మోకాళ్ల మీద కూర్చుని పెట్టెలు కెలుకుతున్నారు. ఇటలీ బళ్ల సామాన్లవాడు ఓ మూల దొరికాడు. పద్మిని ఫొటో ఫోన్లో చూపిస్తే "మిల్లెచెంతో!" (వాళ్ల భాషలో 1100) అని కేక పెట్టి, ఇండియాలో దీన్ని ఎప్పటిదాకా చేశారని అడిగాడు. 2000 దాటేదాకా అన్నాను. నమ్మలేదు. పక్క స్టాలువాణ్ని పిలిచి మళ్లీ చెప్పించాడు. వాళ్ల దగ్గర ఆ 1100 అయిపోయింది 1960ల్లోనే.

బీడింగు ఉంది. నాలుగు తలుపులకీ సెట్టు, 180 యూరోలు. అంటే 16,000 రూపాయల పైనే. బాబాయ్ ముక్క చేతిలోకి తీసుకుని వాసన చూశాడు, గోరుతో గిల్లాడు, మడిచి వదిలాడు. ముడత నిలవకుండా టక్కున సర్దుకుంది. కొసన చూస్తే లోపల బోలు, పక్కన సన్నటి పెదవి, ఆ పెదవే రేకు గాడిలోకి దిగేది. మన దగ్గర దొరికేదానికి ఆ పెదవే ఉండదు. "సరుకు మంచిదే" అని నా చెవిలో చెప్పి, పైకి మాత్రం పెదవి విరిచాడు. 120కి అడిగించాడు. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఆదివారం సాయంత్రం వద్దాం. తిరనాళ్లు అయిపోయేప్పుడు మోసుకుపోలేక వాడే ఇస్తాడు" అన్నాడు బాబాయ్. గేరు లింకేజీ బుష్‌లు, కార్బ్యురేటర్ గ్యాస్కెట్లు మాత్రం తీసుకున్నాం. పద్మినిలో గేరు రాడ్డు స్టీరింగు కిందే ఉంటుంది కదా, ఆ బుష్‌లు అరిగితే రెండో గేరు వెతుక్కోవాలి.

ఏప్రిల్ 6, శనివారం

స్పీడు రైల్లో మన్‌హైమ్, అక్కడి నుంచి లోకల్లో లాడెన్‌బుర్గ్. కార్ల్ బెంజ్ చివరి రోజులు గడిపిన ఊరు, 1929లో పోయిందీ ఇక్కడే. కొడుకులతో కలిసి పెట్టిన చిన్న ఫ్యాక్టరీ షెడ్డు ఇప్పుడు మ్యూజియం. మూడు చక్రాల మొదటి కారు నమూనా ఉంది. 1886 జనవరి 29న పేటెంటుకి పెట్టిన బండి.

నాకు మాత్రం ఆయన కన్నా ఆయన భార్య మీదే గురి. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి పుట్టింటికి, ఫోర్ట్స్‌హైమ్‌కి, వంద కిలోమీటర్ల పైన ఆ బండి తోలుకుపోయింది. పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. ఇగ్నిషన్ వైరు ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. చెక్క బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఎత్తు వస్తే పిల్లలు దిగి తోశారు. ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్‌లో మందుల కొట్టుకి వెళ్లి, మరకలు తుడిచే లిగ్రోయిన్ కొంది. ఆ మందుల కొట్టు ఇల్లు చూడ్డానికి సాయంత్రం బస్సు పట్టుకుని వెళ్లాం. ప్రపంచంలో మొదటి పెట్రోల్ బంకని బోర్డు పెట్టుకున్నారు.

కథంతా విని బాబాయ్, "ఈవిడే రా అసలు మెకానిక్కు. ఆయన ఇంజనీరు" అన్నాడు.

ఏప్రిల్ 7, ఆదివారం

మధ్యాహ్నం దాటాక మళ్లీ ప్రదర్శనకి. బాబాయ్ చెప్పిందే నిజం, బేరాలు సాగుతున్నాయి, హబ్ క్యాపులు కిలోల లెక్కన పోతున్నాయి. ఇటలీ సామాన్లవాడు మమ్మల్ని చూడగానే రెండు చేతులూ ఎత్తేశాడు. సెట్టు శనివారమే పోయింది, హాలెండ్ నుంచి వచ్చినాయన మారు మాట్లాడకుండా 180 ఇచ్చి పట్టుకుపోయాడు. వెనక మిగిలింది బల్ల మీద సాంపిల్ కోసం పెట్టిన మూరెడు ముక్క.

నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చి అరవై యూరోల దగ్గర ఆగామా అని పైకే అన్నాను. బాబాయ్ పట్టించుకోలేదు. ఆ ముక్క చేతిలోకి తీసుకుని, కొస అతనికి చూపించి, వేళ్లతో ఏదో గీసి చెప్పాడు. అతనికి వెంటనే అర్థమైంది. డబ్బులు తీసుకోలేదు. న్యూస్ పేపర్లో చుట్టి, దాంతో పాటు ఫియట్ దండ ఆకారపు పాత బ్యాడ్జి ఒకటి పడేసి ఇచ్చాడు.

"సెట్టు అయితే ఒక్క బండికే కదరా" అన్నాడు బాబాయ్ మెట్రోలో. "పెదవి కొలత తెలిసింది. మనోళ్ల చేత డై, అదే అచ్చు, కొట్టిద్దాం."

ఏప్రిల్ 8, 9

తిరుగు ప్రయాణంలో చెప్పుకోవాల్సింది తక్కువే. ఎయిర్‌పోర్టులో బ్యాగు తూకం మీరింది. బుష్‌లు, బ్యాడ్జి, లారీ ఓనర్ బాబాయ్‌కి బహుమతిగా ఇచ్చిన స్పానరు. స్పానరు చేతి సంచిలో పెట్టనివ్వరు కాబట్టి ఆయన స్వెట్టర్లు రెండూ తీసి ఒకదాని మీద ఒకటి తొడుక్కున్నాడు. దుబాయ్‌లో ఆ వేషంతోనే దిగాడు. ఉగాది రోజు పొద్దెక్కాక ఇల్లు చేరాం, పచ్చడి అప్పటికి సిద్ధంగా ఉంది.

తర్వాతి వారం బాబాయ్ ఆటోనగర్‌లో రబ్బరు పని చేసే ఇద్దర్ని కలిశాడు. ఒకతను చూడగానే కుదరదన్నాడు. రెండో అతను ముక్కని అడ్డంగా కోసి, కాగితం మీద అద్ది, కొలతలు రాసుకున్నాడు. డై చేయడానికి పెద్ద ఖర్చు కాదట, కానీ రబ్బరు ఒకసారి కలిపితే 300 మీటర్లు తీయాల్సిందే, తక్కువకి మెషీను ఎక్కించడు. ఒక పద్మినికి నాలుగు తలుపులూ కలిపి 15 మీటర్లు సరిపోతాయని బాబాయ్ లెక్క. అంటే ఇరవై బళ్లు. విజయవాడ, గుంటూరు, ఏలూరు కలిపి ఇప్పటికి పదకొండు మంది పేర్లిచ్చారు, ఎనిమిది మంది డబ్బు కూడా కట్టారు. డై మన పేరు మీదే ఉంటుంది, ఆ కాగితం ముందే రాయించుకున్నాం. హైదరాబాద్ వైపు పద్మిని గానీ, దానికి ముందు పేరుతో వచ్చిన పాత 1100 డిలైట్ గానీ ఉన్నవాళ్లు ఉంటే చెప్పండి. క్వార్టర్ గ్లాసు (తలుపు మూల ఉండే చిన్న అద్దం) రబ్బరు కూడా కావాలంటే ఇప్పుడే చెప్పాలి, దానికి డై వేరే.